పూర్వీకుల్ని ఆన్‌లైన్‌లో వెతకాలంటే ముందు ఊరు పట్టుకోండి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటున్న మన పిల్లలకి వంశవృక్షం వేద్దామన్న ఆలోచన వస్తే మొదట చేసేది ఒకటే. ఏదో సైట్ తెరిచి ఇంటిపేరు, ముత్తాతగారి పేరు కొట్టి చూస్తారు. అదే ఇంటిపేరున్న ఇంకెవరో తగులుతారు గానీ ముత్తాతగారు తగలరు. "మనకి రికార్డుల్లేవు" అనుకుని అక్కడితో వదిలేస్తారు.

ఉన్నాయి. కాకపోతే అవి మనిషి పేరు మీద కట్టినవి కావు, ఊరి పేరు మీద కట్టినవి. శ్రీకాకుళం, విజయనగరం వైపు మన జిల్లాల్లో ఎవరి దగ్గర శిస్తు వసూలు చేసినా, ఎవరిని పట్టాళంలో చేర్చుకున్నా, ఎవరిని ఓడెక్కించినా ఊరు, ఠాణా, తాలూకా, జిల్లా రాసుకున్నారు. ఇంటిపేరు రాసిన చోట్లు తక్కువ. అందుకే నన్నెవరు అడిగినా నేను మొదట అడిగేది ఇంటిపేరు కాదు, మీ తాతముత్తాతలది ఏ ఊరు అని.

రాజాం చుట్టుపక్కల ఊళ్లలో వీఆర్వోగా పనిచేసి రిటైరయ్యాను. అడంగళ్లు (ఊరి పొలాల లెక్కల రికార్డులు), ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పటాలు) చూడటం నా ఉద్యోగం. ఇప్పుడు ఆ అలవాటుతోనే చుట్టాలకీ, వాళ్ల తాలూకు వాళ్లకీ, దూర దేశాల నుంచి అడిగేవాళ్లకీ వెతికి పెడుతున్నాను. నేను పట్టుకెళ్లే దారి ఇది.

సైట్ తెరవకముందు

మనవైపు సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతాం కదా. ఆ రోజు ఇంట్లో పెద్దావిడ ఎవరెవరి పేర్లు చెబుతుందో పక్కన కూర్చుని రాసుకోండి. మామూలు రోజుల్లో "నాకేం గుర్తుందిరా" అనే మామ్మ ఆ పూట మాత్రం వరసగా చెబుతుంది. చిన్నప్పుడే పోయిన పిల్లలు, పెళ్లికాకుండా పోయిన చిన్నతాత, మొదటి భార్య, అందరూ అందులో ఉంటారు. ఏ డేటాబేస్‌లోనూ లేని పేర్లవి.

తర్వాత ఒక్కొక్కరి గురించి విడిగా అడగండి. కోడళ్లది కన్నవారి ఊరు ఏది? ఇలవేలుపు ఎవరు, మొక్కు తీర్చుకోవడానికి ఏ ఊరు వెళ్లేవారు? ఇప్పుడుంటున్న ఊరు కాకుండా వేరే ఊళ్లో గుడికి వెళుతున్నారంటే, అక్కడి నుంచి వలస వచ్చారేమో ఆరా తీయాల్సిందే. పొలం ఎక్కడ, పల్లమా గరువా, ఏ చెరువు కింద? ఊరొదిలి వెళ్లి తిరిగిరానివాళ్లు ఎవరైనా ఉన్నారా?

సంవత్సరం అడిగితే చెప్పలేరు. సంఘటన అడిగితే చెబుతారు. "విశాఖపట్నం మీద బాంబులు పడ్డ ఏడాది మీ నాన్న పుట్టాడు" అంటే 1942. జపాన్ విమానాలు ఆ ఏడాది ఏప్రిల్ 6న బాంబులేశాయి. "కరణాలు పోయిన ఏడాది" అంటే ఊరి కరణం పదవులు రద్దయిన 1984. "మండలాలు వచ్చిన ఏడాది" అంటే 1985. "విజయనగరం జిల్లా అయిన ఏడాది" అంటే 1979. ఇలాంటివి నాలుగు దగ్గర పెట్టుకుంటే వయసులు దాదాపుగా తేలిపోతాయి.

ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ చెప్పి చేయండి.

మీ ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉంది?

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

శ్రీకాకుళం జిల్లా అన్నది 1950 ఆగస్టు 15న పుట్టింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న. 1910 నాటి మనిషి కోసం వెతుకుతూ జిల్లా గడిలో శ్రీకాకుళం అని కొడితే ఏమొస్తుంది? అప్పటికి ఆ పేరుతో జిల్లాయే లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఊళ్లు గంజాం జిల్లా కింద ఉండేవి. గంజాం ఒడిశాకి వెళ్లినప్పుడు ఈ తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి పట్నం అటు పోయింది, ఆ జమీందారీలోని పాతపట్నం వైపు ఇటు మిగిలింది. కాబట్టి టెక్కలి వైపు మనిషిని 1936కి ముందు వెతికితే గంజాం అని, తర్వాత వెతికితే విశాఖపట్నం అని, 1950 తర్వాత శ్రీకాకుళం అని వెతకాలి. బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి వాళ్లది ఇంకో వరస. మొదట్నుంచీ విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం. పార్వతీపురం 2022లో మళ్లీ మారింది. మా రాజాం వాళ్లు 1979లో శ్రీకాకుళంలోనే ఉండిపోయి, 2022లో విజయనగరంలోకి వచ్చాం. అంటే ఒకే ఇంట్లో, ఒకే గదిలో పుట్టిన తాతకీ మనవడికీ మునిమనవడికీ మూడు వేర్వేరు జిల్లాలు రాసి ఉంటాయి. ముగ్గురూ వేర్వేరు ఊళ్లవాళ్లనుకుని వదిలేయకండి.

పేర్ల రాతలు కూడా తెలుసుకోవాలి. పాత ఇంగ్లీషు రికార్డుల్లో శ్రీకాకుళం చికాకోల్. స్పెల్లింగు సి-హెచ్-ఐ-సి-ఎ-సి-ఓ-ఎల్-ఇ. విశాఖపట్నం విజగపటం, భీమిలి బిమ్లిపటం, కళింగపట్నం కాలింగపటం. విజయనగరంలో 'గ' తర్వాత 'ఎ' ఎగిరిపోయి విజియనగ్రమ్ అని ఉంటుంది. మీ ఊరి పేరు అప్పటి రాతలో ఎలా ఉందో చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత జిల్లా మాన్యువళ్లు ఉచితంగా చదవొచ్చు. కార్మైకేల్ 1869లో విశాఖపట్నం జిల్లా మాన్యువల్ రాశాడు, మాల్ట్‌బీ 1882లో గంజాం జిల్లా మాన్యువల్ రాశాడు, ఫ్రాన్సిస్ 1907లో విశాఖపట్నం గెజెటీర్ తెచ్చాడు. వీటిలో మీ తాత పేరు ఉండదు. మీ ఊరు ఏ జమీందారీదో, ఏ తాలూకాదో ఉంటుంది. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మందస, తర్ల, పర్లాకిమిడి, వీటిలో దేని కిందిదో తెలిస్తే, కాగితాలు ఎవరి దఫ్తరంలో పుట్టాయో తెలిసినట్టే.

ఊరే మాయమైపోతే? హిరమండలం దగ్గర వంశధార రిజర్వాయర్ కోసం ఊళ్లు ఖాళీ చేశారు. అలాంటి చోట సెన్సస్ వారి సైట్‌లో పాత జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు తీయండి. 1961దీ 1971దీ తీస్తే అప్పటి ఊళ్ల జాబితా మొత్తం దొరుకుతుంది. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో 1950ల నాటి అమెరికా సైన్యం వారి భారతదేశం మ్యాపులు కూడా ఉన్నాయి. ఏరు పక్కన చుక్కపెట్టి పేరు రాసిన ఊళ్లు వాటిలో కనిపిస్తాయి.

సెన్సస్ అన్నాను కదా, ఒక మాట. బ్రిటన్‌లో, అమెరికాలో పాత సెన్సస్ కాగితాల్లో ఇంటింటి మనుషుల పేర్లు చూడొచ్చు. మన దేశంలో ఆ కాగితాలు ఎవరికీ చూపించరు. మొత్తం అంకెలే బయటికి వస్తాయి. దాని కోసం డబ్బు కట్టించుకునే సైట్లు ఏవైనా ఆశపెడితే నమ్మకండి.

భూమి రికార్డులు: వెనక్కి మెట్లు దిగడం

సెంటు భూమి ఉన్న ఇంటికైనా ఇది మొదటి ఆధారం. రాష్ట్ర ప్రభుత్వం వారి మీభూమి సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే అడంగల్, 1బి (ఎవరి ఖాతాలో ఏ భూమి ఉందో చెప్పే జాబితా) చూడొచ్చు. సర్వే నంబరుతో, ఖాతా నంబరుతో, పట్టాదారు పేరుతో వెతకొచ్చు. అందరూ తమ ఖాతా చూసుకుని బయటికి వచ్చేస్తారు. వంశం కోసం చూసేవాళ్లు చేయాల్సింది అది కాదు. గ్రామ 1బి తెరిచి మీ ఇంటిపేరున్న ఖాతాలన్నీ, తండ్రి పేరుతో సహా, ఒక నోటుబుక్కులో ఎక్కించండి.

ఎందుకో చూపిస్తాను. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరు మీద తొమ్మిది ఖాతాలున్నాయి అనుకోండి. తండ్రి పేరు గడి చూస్తే నలుగురికి తండ్రి రాములు, ముగ్గురికి అప్పలస్వామి, ఇద్దరికి సింహాచలం. అంటే మూడు గుంపులు. ఇప్పుడు సర్వే నంబర్లు చూడండి. రాములు కొడుకులదీ అప్పలస్వామి కొడుకులదీ ఒకే సర్వే నంబరులో 1ఎ, 1బి, 2ఎ అని పక్కపక్కనే సబ్‌డివిజన్లుగా ఉంటే, ఆ చెక్క ఒకప్పుడు ఒక్కడిదే. రాములు, అప్పలస్వామి అన్నదమ్ములై ఉండటానికి చాలా అవకాశం ఉంది. సింహాచలం కొడుకుల భూమి ఊరి అవతల ఎక్కడో ఉంటే, ఆ శాఖ ఇంకా వెనకెప్పుడో విడిపోయి ఉండాలి, లేదా కొనుక్కుని వచ్చి ఉండాలి. ఎఫ్‌ఎంబీ తీసి గట్లు ఎలా కోసుకున్నారో చూస్తే పంపకం కళ్లకి కడుతుంది. మూడు సమాన వాటాలుంటే ముగ్గురన్నదమ్ములు. మూడో వాటా పేరుగలవాళ్లు ఇప్పుడు ఊళ్లో లేకపోతే, వాళ్లు ఎటు పోయారన్నదే మీ తర్వాతి ప్రశ్న.

ఇంటిపేరు వేరే ఉండి భూమి మాత్రం మీవాళ్ల చెక్కలోనే ఉంటే ఇల్లరికం అల్లుడేమో అడగండి. దత్తత అయినా ఇలాగే కనిపిస్తుంది.

రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ ఇంట్లోని పాత పాసుపుస్తకంలో నంబరు ఒకటి, సైట్‌లో నంబరు ఇంకొకటి ఉంటే టెన్షన్ పడకండి. పాత నంబరుకి కొత్త నంబరు ఏదో గ్రామ సచివాలయంలో సర్వేయర్ని అడిగితే చెబుతారు.

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా, 1983 నుంచి చూడొచ్చు. అమ్మకాలే కాదు, పంపకం దస్తావేజులు, దానపత్రాలు కూడా అందులో ఉంటాయి. పంపకం దస్తావేజు నంబరు దొరికితే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించండి. అన్నదమ్ములు, వాళ్ల తండ్రి, కొన్నిసార్లు తాత, అందరి పేర్లూ వయసులూ ఒక్కచోట దొరికే కాగితం అదే. 1983కి ముందువి కూడా ఆ ఆఫీసులోనే వెతికించుకోవాలి.

అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే ఆన్‌లైన్ సరిపోదు, తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లాలి. అక్కడ "పాత రికార్డు కావాలి" అంటే ఎవరికీ అర్థం కాదు. పేరు పెట్టి అడగండి. జమీందారీ కింద ఉన్న ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్మెంటు చేసి కట్టిన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ ఉంటుంది. ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్లు ఇవే. ప్రభుత్వ గ్రామమైతే ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్మెంట్ రిజిస్టరు అడగాలి. అగ్రహారం, ఇనాం ఊరైతే ఇనాం రిజిస్టరు. సర్వే నంబరు రాసి నకలు దరఖాస్తు పెట్టండి. ఎస్‌ఎఫ్‌ఏలో మీ సర్వే నంబరు ఎదురుగా ఉన్న పేరు, మీ 1బిలో ఉన్న పేరుకి తండ్రో తాతో అయి ఉంటాడు. ఒక్క కాగితంతో ఒకట్రెండు తరాలు వెనక్కి వెళ్లిపోతాం.

పాత కాగితం చేతిరాత గొలుసుకట్టులో ఉంటే ఫోన్ యాప్‌లు చదవలేవు. ఊళ్లో పాత కరణం గారి కుటుంబంలో పెద్దవాళ్లుంటే వాళ్లు గడగడా చదివేస్తారు. మర్యాదగా వెళ్లి అడగండి. వాళ్లకి అది గౌరవం, మనకి పని.

భూమి లేని ఇళ్ల సంగతి? చాలామందికి లేదు. వాళ్లకి ఓటరు జాబితాలు ఉపయోగపడతాయి. ఎన్నికల ప్రధానాధికారి సైట్‌లో పోలింగ్ బూత్ వారీగా పీడీఎఫ్‌లు తెలుగులోనే ఉంటాయి. 2002 నాటి జాబితా తీసుకుంటే అప్పటికి బతికున్న తాతల తరం, ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు దొరుకుతాయి. చాలావరకు స్కాన్ చేసినవే కాబట్టి పేరు కొడితే రాదు, ఒక్కో పేజీ చదువుకోవాలి. అది కూడా లేనిచోట ఓడల జాబితాలు, పట్టాళం రికార్డులే ఆధారం. ఆ రెండింట్లో భూమి లేనివాళ్ల పేర్లు కూడా ఉంటాయి.

ఓడెక్కి వెళ్లినవాళ్లు

మన ఊళ్లలో "దేశాలు పట్టుకుపోయాడు" అని ఒక్క మాటతో ముగించిన మనుషులు ఎందరో. వాళ్లలో కొందరి పేర్లు ఊరుతో, తండ్రి పేరుతో, ఒంటి మీద పుట్టుమచ్చతో సహా రాసి భద్రంగా ఉన్నాయి.

చెరకు తోటల కూలికి మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి మొదటి ఓడ ట్రూరో. 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి కలిపి వెళ్లినవాళ్లు మొత్తం 1,52,184 మంది. వాళ్లలో విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లున్నారు. ఓడల జాబితాలు డర్బన్‌లోని క్వాజులు నేటాల్ యూనివర్సిటీ వారి గాంధీ లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలై 1916లో ఆగాయి. ఆ ఎమిగ్రేషన్ పాసులు ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్‌కి వెళ్లినవాళ్ల రికార్డులు అక్కడి మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉన్నాయి. అక్కడివాళ్లతో బంధుత్వం చూపించి ఉత్తరం రాసి అడగాలి.

నేటాల్ జాబితాలో ఒక వరస ఎలా చదవాలో చెబుతాను. మొదట కలోనియల్ నంబరు. అది మనిషికి ఒక్కటే, జీవితాంతం మారదు. పెళ్లి, చావు, భూమి, ఏ కాగితంలోనైనా ఆ నంబరు రాసేవారు, కాబట్టి ముందు దాన్ని రాసుకోండి. తర్వాత ఓడ, చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి గుర్తులు. ఇంటిపేరు గడి లేదు. ఇప్పుడు అక్కడ మనవాళ్లకి ఇంటిపేరుగా ఉన్నది చాలాసార్లు ఆ మొదటి మనిషి సొంత పేరో, లేకపోతే నాయుడు లాంటి బిరుదో. కులం గడిలో ఉన్నది గుమస్తా విన్నది, రాసుకున్నది. దాన్నే పట్టుకు వేలాడొద్దు.

పేరు రాతలో 'స్వామి' ఎక్కువగా సామి అయిపోతుంది. అప్పలస్వామి అపల్‌సామి అవుతాడు. నాయుడు చివర రెండు 'ఓ'లు వస్తాయి. రాములు రామ్‌లూ, లక్ష్మి లచ్మి లేదా లుచ్మి. వెంకన్న కొన్నిసార్లు 'వై' అక్షరంతో మొదలై యెంకన్న అవుతాడు, ఎందుకంటే మన ఊళ్లో ఆయన్ని అలాగే పిలిచేవారు, గుమస్తా విన్నది విన్నట్టు రాశాడు. కాబట్టి మీ తాతమ్మ ఆయన్ని ఎలా పిలిచేదో నోటితో అని చూసి, ఆ శబ్దానికి ఇంగ్లీషు అక్షరాలు వేయండి. జాబితా ఎక్సెల్‌గా దొరికితే పూర్తి పేరు కాకుండా మూడు నాలుగు అక్షరాల ముక్కతో వెతకండి. ఫ్యామిలీసెర్చ్‌లాంటి సైట్లలో తెలియని అక్షరాల చోట నక్షత్రం గుర్తు పెట్టొచ్చు.

డర్బన్ నుంచి ఒకావిడ తన ముత్తాత వివరాలు పంపి ఊరు వెతికిపెట్టమన్నారు. ఊరి గడిలో కొత్తవలస. కొత్తవలస అంటే అందరికీ ఎస్.కోట వైపున్న రైల్వే జంక్షనే గుర్తొస్తుంది. ఆవిడ కూడా గూగుల్ మ్యాపులో దాన్నే చూసుకుని, టికెట్లు బుక్ చేసుకునే ఆలోచనలో ఉన్నారు. ఠాణా గడి చూడమన్నాను. పార్వతీపురం అని ఉంది. పార్వతీపురం దగ్గర వేరే కొత్తవలస ఉంది. మన రెండు జిల్లాల్లో కొత్తవలసలు, లక్ష్మీపురాలు, రామభద్రపురాలు ఒకటికి మించి ఉన్నాయి. ఏదన్నది తేల్చేది ఠాణా గడే. ఆవిడ అక్కడికి వెళ్లారు. ఫలానా ఇల్లు అని తేలలేదు. ఆ ఊరి చెరువు గట్టు మీద నిలబడి ఫోటో పంపారు, వాళ్ల ఇంట్లో అందరికీ అదే పెద్ద సంగతి.

మన వైపు నుంచి వెతికేవాళ్లు ఇదే పని తిరగేసి చేయాలి. ఓడల జాబితాలో జిల్లా విజగపటం లేదా గంజాం అని వడకట్టి, మీ ఠాణా కింద ఉన్నవాళ్లందరినీ తీసి, తండ్రి పేరు కలుస్తుందేమో చూడండి. కలిసిన మనిషి అక్కడ ఏమయ్యాడో తెలియాలంటే దక్షిణాఫ్రికా నేషనల్ ఆర్కైవ్స్ సూచికలోనూ, ఫ్యామిలీసెర్చ్‌లోని నేటాల్ వివాహ, మరణ రికార్డుల్లోనూ వెతకాలి. రెండూ ఉచితమే.

బర్మా సంగతి వేరు. మనవైపు నుంచి ఎక్కువమంది వెళ్లింది రంగూన్‌కే, కళింగపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి. అది గిరిమిటి కూలి (కొన్నేళ్లు కట్టుబడే ఒప్పందం మీద చేసే కూలి) కాదు, మేస్త్రీల ద్వారా వెళ్లి వచ్చే కూలి. నేటాల్ తరహా పాసులు రాయలేదు. అందుకని పేర్లవారీ జాబితా కోసం సమయం వృథా చేసుకోకండి. ఇంట్లో రంగూన్ నుంచి వచ్చిన మనియార్డరు రశీదు, ఉత్తరం, స్టూడియో ఫోటో వెనక ముద్ర ఏదైనా ఉందేమో చూడండి. 1960ల్లో తిరిగొచ్చినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చిన కాందిశీకుల కాగితాలు విశాఖపట్నం బర్మా క్యాంపు కుటుంబాల్లో ఇంకా కనిపిస్తాయి.

పట్టాళంలోకి వెళ్లి రానివాళ్లు

మా నాయనమ్మకి అన్న ఒకాయన రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాళంలో చేరి తిరిగి రాలేదు. ఇంట్లో ఫోటో కూడా లేదు. ఆవిడ బతికున్నంత కాలం ఆయన ఎక్కడ పోయాడో తెలియదు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్‌లో రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది పేర్లున్నాయి. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ దొరికాడు.

ఎలా దొరికాడో అదే పద్ధతి మీకు చెబుతాను. పేరు గడి ఖాళీగా వదిలేశాను. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఏ దేశ సైన్యం అన్నచోట ఇండియన్ అని పెట్టి, అదనపు సమాచారం అన్న గడిలో విజగపటం అని పాత స్పెల్లింగులో కొట్టాను. జాబితా పొడుగ్గానే వస్తుంది, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో ఊరి పేరుతో వెతికాను. ఊరి పేరులో రెండక్షరాలు తారుమారై ఉన్నాయి గానీ, తండ్రి పేరు, తల్లి పేరు, భార్య పేరు, మూడూ సరిగ్గా మా నాయనమ్మ చెప్పినవే. సర్వీసు నంబరు, దళం పేరు ఇండియన్ పయనీర్ కోర్, పోయిన తేదీ, వయసు ఉన్నాయి. పేరు చెక్కింది రంగూన్ మెమోరియల్ మీద. సమాధి దొరకని సుమారు 27 వేల మంది పేర్లు ఆ రాళ్ల మీద ఉన్నాయి. ఏ రాయి మీద ఉందో కూడా సైట్‌లో రాసి ఉంది.

ఆ ఏడాది సంక్రాంతికి ఆయన పేరున కూడా బట్టలు పెట్టాం. అప్పటిదాకా తేదీ తెలియక, పోయాడో లేదో తెలియక పెట్టలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యంలో చేరే అలవాటు పాతది. మీ ఇంట్లో అలాంటి మాట ఒక్కటి విన్నా ఈ సైట్ తప్పకుండా చూడండి. టెక్కలి, సోంపేట వైపు వాళ్లయితే గంజాం అని కూడా కొట్టండి. బతికి తిరిగొచ్చినవాళ్ల పేర్లు ఇందులో ఉండవు. వాళ్ల డిశ్చార్జి పుస్తకం ఇంట్లో ట్రంకు పెట్టెలోనే ఉంటుంది.

రాసి పెట్టుకోవడం

ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా వృక్షం వేయొచ్చు. అమెరికాలోని ఒక చర్చి నడుపుతోంది, మతంతో పని లేకుండా ఎవరైనా వాడొచ్చు. అక్కడ ప్రపంచమంతటికీ ఒకటే చెట్టు. మీరు ఎక్కించిన మీ ముత్తాతని ఇంకొకరు మార్చగలరు. అందుకని మీ సొంత కాపీ ఎక్సెల్‌లోనో నోటుబుక్కులోనో ఉంచుకోండి. బతికున్నవాళ్ల వివరాలు ఇతరులకి కనిపించవు, పోయినవాళ్లవి కనిపిస్తాయి. ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు, పాసుపుస్తకం ఫోటోలు మాత్రం ఎక్కడా ఎక్కించొద్దు.

మన వంశాలు ఎక్కించేటప్పుడు రెండు చిక్కులు తప్పవు. మొదటిది మేనరికం. తండ్రి వైపు నుంచి ఎక్కించిన మనిషి తల్లి వైపు నుంచీ మళ్లీ వస్తాడు. కొత్త మనిషిగా ఎక్కించకుండా ముందున్న మనిషికే బంధం కలపండి. లేకపోతే రెండు తరాల్లో చెట్టంతా జంట మనుషులతో నిండిపోతుంది. రెండోది తాత పేరే మనవడికి పెట్టడం. అప్పలస్వామి కొడుకు రాములు, రాములు కొడుకు అప్పలస్వామి, ఆయన కొడుకు మళ్లీ రాములు. తరానికి పాతిక ముప్పై ఏళ్లు వేసుకుని, ప్రతి పేరు పక్కన ఉజ్జాయింపు పుట్టిన ఏడాది రాసుకుంటే ఏ కాగితంలోని రాములు ఎవరో విడిపోతుంది. ప్రతి పేరుకీ ఎక్కడ దొరికిందో కూడా రాయండి. నాయనమ్మ చెప్పింది, ఎస్‌ఎఫ్‌ఏలో ఉంది, ఓటరు జాబితాలో ఉంది అని. నేను లెక్కగట్టింది అయితే అలాగే రాస్తాను.

ఆడవాళ్ల వైపు ఖాళీగా వదిలేయొద్దు. భూమి కాగితాల్లో వాళ్లు ఫలానావారి భార్యగానే ఉంటారు. కన్నవారి ఊరు తెలిస్తే ఆ ఊరి 1బి తీసి ఇదే పని మొదట్నుంచీ చేయొచ్చు. ప్రతి కోడలికీ ఒక ఊరు, ప్రతి ఊరికీ ఒక నోటుబుక్కు పేజీ.

ఊరికి వెళ్లేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఎప్పుడో వెళ్లిపోయిన శాఖవాళ్లు అడంగల్ ప్రింటు పట్టుకుని, ఏ సర్వే నంబరు ఎవరిదని అడుగుతూ దిగితే, వాటా కోసం వచ్చారనుకుంటారు. వీఆర్వోగా ఆ అనుమానం ఎక్కడిదాకా వెళుతుందో చూశాను. కాబట్టి మొదటిసారి భూమి కాగితాలు సంచిలోంచి తీయొద్దు. పేర్లు మాత్రం పెద్ద అక్షరాలతో రాసిన కాగితం, పాత ఫోటోలు పట్టుకెళ్లండి. ఆ ఊళ్లో అందరికీ తెలిసిన చుట్టం ఒకరిని వెంట తీసుకెళ్లి, ఎందుకొచ్చారో ఆయన చేతే చెప్పించండి. భూమితో పని లేదని మీ నోటితో మీరు కూడా చెప్పండి. మీ దగ్గరున్న చెట్టు కాపీ ఒకటి వాళ్లకిచ్చి రండి, వాళ్ల వైపు పేర్లు వాళ్లే నింపి పంపుతారు.